మేం దాటుతాం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్లందరూ అంటారు. ఉంటే ఉంది. రోజంతా జనం నోళ్లలోకి తొంగిచూసే పళ్ల డాక్టరును, కోపాన్ని ఇంకెక్కడ పెట్టుకోను? కానీ ఆ ఆదివారం వచ్చింది ముక్కు మీది కోపం కాదు. అరికాలిలో పుట్టి నెత్తికెక్కింది, ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. నా సొంత తమ్ముడి మీద వచ్చింది. వాడన్న ఒక చిన్న మాట మీద.

ముందు ఆట సంగతి చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు. మేము ఆడేది పేకాట కాదు, చదరంగమూ కాదు. బల్ల చుట్టూ కూర్చుని కథను ఆడతాం. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఆ పాత్రకు ఎంత బలం, ఎంత తెలివి, సంచిలో ఏముంది అన్నీ ఒక కాగితం మీద రాసుకుంటారు. ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారు, అది జరిగేదీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మిగతా లోకాన్నంతా, అంటే కొండల్నీ వానల్నీ శత్రువుల్నీ, ఒక మనిషి నడపాలి. ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మా బల్ల దగ్గర అది నేను. రూలు స్పష్టంగా లేనిచోట దానికి అర్థం చెప్పాల్సిందీ నేనే. నేను చెప్పాక ఇక అప్పీలు లేదు. మన మాటకు ఇంత విలువ ఇంకెక్కడ దొరుకుతుందిలే అని మురిసిపోయి ఒప్పుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు క్లినిక్ మూసి ఉంటుంది. పేషెంట్లు కూర్చునే గదిలో రెండు టీపాయిలు కలిపి వేసుకుంటాం. గోడ మీద పుచ్చిన పన్ను బొమ్మ, గదంతా లవంగ నూనె వాసన. కట్టుడు పళ్ల కోసం తీసిన ప్లాస్టర్ అచ్చులు మాకు కొండలు. పుక్కిలించే కాగితం కప్పులు బోర్లిస్తే ఊళ్లు. పాచికలు దొర్లిపోకుండా పనిముట్లు పెట్టుకునే స్టీలు ట్రేలో వేస్తాం. ట్రేలో అవి పడే చప్పుడుకి పళ్లు జివ్వుమంటున్నాయని మా తమ్ముడు ప్రతివారం గొణుగుతాడు. గొణిగితే గొణగనీ, మార్చేది లేదు.

మా తమ్ముడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని 'బ్రేకు, బ్రేకు' అంటూ ఉంటాడు. మంచివాడే. ఎంత కోపంలో ఉన్నా ఆ మాట కాదనను. కానీ మంచివాళ్లు చేసే చెడుకి మందు లేదు, చేసినట్టు వాళ్లకే తెలియదు కాబట్టి. ఆటలో వాడు దళపతి. దళం తరఫున ఎవరితో మాట్లాడాలన్నా వాడే మాట్లాడతాడు.

వాడి కూతురు, నా మేనకోడలు, పదహారేళ్లది, ఆటలో విలుకత్తె. వాళ్లమ్మ పోయినప్పుడు అది ఇంకా పాలపళ్లు ఊడే వయసులో ఉంది. ఆ ఊడిన పళ్లు నా దగ్గరికే తెచ్చి చూపించేది. తర్వాత చాలా ఏళ్లు తండ్రీకూతుళ్లిద్దరే బతికారు. అన్నం మాడ్చుకుని తిన్నారు, ఒకరి జ్వరానికి ఒకరు కాపలా కాసుకున్నారు. రెండేళ్ల కిందట తమ్ముడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

మరదలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి అంటారు అందరూ. పళ్లు శుభ్రం చేసినప్పుడు నేను స్వయంగా చూశాను, ఉంది. వాడే చోటు దొరకలేదంతే. మొదట్లో ఆదివారాలు వచ్చి టీ కప్పులు అందించి ఓ మూల కుర్చీలో కూర్చునేది. ఒకరోజు నాకు విసుగొచ్చి, 'ఇలా వచ్చి కూర్చో, నీకూ ఒక పాత్ర ఇస్తాను' అని లాగాను. మూలికల వైద్యురాలు కావాలని అడిగింది. ఎవరితో బంధుత్వమో పాచిక వేసి తేల్చుకోవాలని రూలు. వేస్తే విలుకత్తెకు తోబుట్టువు అని పడింది. వయసులో పెద్దది కాబట్టి అక్క.

ఇక్కడ నా మేనకోడలి గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో అది మరదల్ని ఏమనీ పిలవదు. అమ్మా అనదు, పిన్నీ అనదు, చివరికి ఆంటీ అని కూడా అనదు. పనిపడితే 'ఇదిగో' అంటుంది, లేదంటే వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గుతుంది. వెనకాల మాట్లాడితే 'ఆవిడ'. పిలుపు లేకుండా ఒకే కప్పు కింద రెండేళ్లు గడపొచ్చని నేను కలలో కూడా అనుకోలేదు. అలాంటిది, ఆటలో మాత్రం రూలు ప్రకారం 'అక్కా' అనాల్సి వచ్చింది. మొదటిసారి చేదు మందు మింగినట్టే అంది. తర్వాత తర్వాత అలవాటైంది. 'అక్కా, నా భుజానికి కట్టు కట్టు. అక్కా, నువ్వు ముందుకి పోకు, నా వెనకుండు.' మరదలు 'సరే చెల్లీ' అనేది. ఆ 'చెల్లీ' అనేటప్పుడు ఆమె గొంతు మామూలుగా ఉండేది కాదు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది లోకం మొత్తం మీద నా టీపాయిల దగ్గరే. అది మాకందరికీ తెలుసు. పైకి అంటే ఎక్కడ ఆగిపోతుందోనని ఎవరమూ నోరెత్తలేదు.

మా ఆటలో ఇంకో రూలుంది. పాత్ర చచ్చిపోతే కాగితం చింపేయాలి. ఆ కథ పూర్తయ్యేదాకా ఆ మనిషి బల్ల దగ్గర కూర్చోకూడదు. మా కథ సగానికి కూడా రాలేదు. అంటే వైద్యురాలు చనిపోతే మరదలు మళ్లీ నెలల తరబడి మూల కుర్చీలోకి, టీ కప్పుల్లోకి. పిల్లేమో మళ్లీ దగ్గుల్లోకి.

మిగిలింది ప్లీడరు. మా వీధి చివర ఆఫీసు ఆయనది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం వారమంతా ఆయన వృత్తి, ఆదివారం సరదా. ఆటలో దొంగ. అందుకు పెద్దగా నటించాల్సిన పని లేదని నా అభిప్రాయం. రూళ్ల పుస్తకం పరాయి భాషలో ఉంటే దాన్ని తెలుగులోకి మార్చి, జిరాక్సులు తీయించి, బైండు చేయించి ఇచ్చింది ఆయనే. 'యెడల', 'సదరు', 'మినహా' లేకుండా ఆయన చేతిలో వాక్యం పూర్తికాదు. కత్తి దెబ్బ తగిలిన యెడల సదరు వ్యక్తి అని చదువుతుంటే రాక్షసుడికి కోర్టు నోటీసు పంపుతున్నట్టుంటుంది.

ఆ ఆదివారం దళం నలుగురూ పారిపోతున్నారు. వెనక రాజు సైనికులు తరుముతున్నారు, ముందు పెద్ద నది, దాటకపోతే చావే. రేవులో ఒక గుడ్డి పడవవాడు ఉన్నాడు. వాడికి కళ్లు కనిపించవు కాబట్టి మనుషుల్ని మాటను బట్టే ఎక్కించుకుంటాడు. ఆ రూలు నేను ముందే గట్టిగా చదివి వినిపించాను, దాపరికమేమీ లేదు. ప్లీడరు తెలుగులో అది ఇలా ఉంది: 'పడవవాడు అడిగిన మీదట జవాబు చెప్పిన వ్యక్తి తన మాటలో ఎవరెవరిని కలుపుకొనెనో వారు మాత్రమే దాటుటకు అర్హులు. సదరు మాటను మార్చరాదు.'

నేను గొంతు బొంగురు చేసి, చెయ్యి చాపి, పడవవాడిలా అడిగాను. "ఎవరు దాటుతారు?"

సరిగ్గా అప్పుడే మరదలు తన కాగితం చూసుకుంటూ తమ్ముడితో అంది. "గాయాల మందు అయిపోయిందండీ. ఈ గట్టు మీద ఆకులుంటాయేమో, కాసిని కోసుకోనా?"

తమ్ముడికి సైనికుల కంగారు. ఆమె వైపు తిరిగాడు. నేర్చుకునేవాళ్లకు బ్రేకు వేయమని చూపించినట్టు అరచెయ్యి చూపించి, ఆమె ముఖంలోకి చూస్తూ అన్నాడు. "నువ్వాగు. మేం దాటుతాం."

ప్లీడరు కళ్లు మెరిశాయి. 

"అభ్యంతరం" అన్నాడు ప్లీడరు. "డాక్టరమ్మా, వైద్యురాలు పడవెక్కడానికి లేదు."

"ఎందుకు లేదు?" అన్నాడు తమ్ముడు.

"మీరు మేం అన్నారు. మనం అనలేదు. మనం అంటే వింటున్న మనిషిని కలుపుకుని. మేం అంటే వింటున్న మనిషి మినహా. చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. మీరు మీ ఆవిడతో మేం దాటుతాం అన్నారు, కాబట్టి మీ ఆవిడ మినహా."

"నేను పడవవాడితో అన్నానండీ. పడవవాడితో మేం అనక మనం అంటామా? వాడేం దాటుతాడు మాతో?"

"దాటడా మరి, తెడ్డు వేసేది ఎవరు?" అని తన జోకుకి తనే నవ్వాడు ప్లీడరు. "సరే, వాడితో అన్నారనే అనుకుందాం. మరి ముఖం ఎటు ఉంది? చెయ్యి ఎటు ఉంది? పైగా నువ్వాగు అన్నారు. ఆగడమంటే ఉండిపోవడం కూడాను. అసలు పుస్తకంలో ఈ గొడవే లేదు, ఆ భాషలో మేమైనా మనమైనా ఒకటే మాట. తెలుగులోకి వచ్చేసరికి రూలుకి కోరలొచ్చాయి."

ఆ కోరలు పీకే పట్టుకారు పక్కగదిలోనే ఉందని చెబుదామనుకున్నాను. ఆయన ఇదంతా సరదాకే అంటున్నాడు, ఆ సంగతి నాకు తెలుసు. తమ్ముడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఇద్దరూ నావైపు చూశారు, తీర్పు చెప్పమని. నేను నోరు తెరిచేలోపు మరదలు మాట్లాడింది.

"ఆయన నాతోనే అన్నారు వదినా."

గొంతు పెంచలేదు. కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు.

"అదేంటి" అన్నాడు తమ్ముడు, "నేను వాడితోనే..."

"నాతోనే అన్నారు. రోజూ అనే మాటే కదండీ, నాకు తెలీదా. మా ఇంట్లో తువ్వాళ్లు ఇలా మడవం అంటారు. ఆ ఇంట్లోనే ఉంటున్నాను నేను. మా అమ్మాయికి పరీక్షలు, టీవీ తగ్గించు అంటారు. మేం బజారుకెళ్లొస్తాం, తలుపేసుకో అంటారు. మొదట్లో అలవాటు కొద్దీ వస్తోందిలే అనుకున్నాను. ఒక్కసారి మాత్రం ఆఫీసు నుంచి ఫోన్ చేసి, మన మీటరు రీడింగు ఎంతుందో చూడు అన్నారు. మన మీటరు. ఆ రోజంతా నాకెంత సంతోషంగా ఉందో. కరెంటు మీటరులో వాటా దొరికిందని సంతోషపడ్డాను వదినా. సిగ్గుగా లేదూ, చెప్పుకోడానికి."

 మేనకోడలు పెన్సిలు వెనక ఉన్న రబ్బరు కొరుకుతోంది. మామూలుగా అయితే పళ్లు పాడవుతాయని చెయ్యి మీద ఒకటి వేసేదాన్ని.

"ఇదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు తమ్ముడు. నవ్వు పోయింది గానీ, ఇంకా నిమ్మకు నీరెత్తినట్టే కూర్చున్నాడు. "పాపా నేనూ ఇన్నేళ్లు ఇద్దరమే ఉన్నాం. నోటికి అదే వస్తుంది. దానికేదో అర్థం ఉందనుకుంటే ఎలా? మాట జారింది, అంతే." నావైపు తిరిగాడు. "అక్కా, నువ్వే ఏదో సర్దెయ్యి."

సర్దెయ్యి. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవడో తగలబెడతాడు, ఇంకెవరో సర్దెయ్యాలి. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. వీడి చిన్నప్పటి నుంచీ నేను సర్దుతూనే ఉన్నాను. పక్కింటి అద్దం పగలగొడితే సర్దాను, పరీక్ష తప్పితే నాన్న దగ్గర సర్దాను. వీడికి నలభై దాటాయి, గడ్డం నెరిసింది, ఇంకా సర్దెయ్యి అక్కా.

"సర్దడానికి ఇవి బట్టలు కావురా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రెండేళ్లుగా ఒక మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, ఇప్పుడు మాట జారిందంటావా? రెండేళ్ల పాటు రోజూ జారే మాట ఉంటుందా? కారు రోజూ ఒకే గోడకు గుద్దేవాణ్ని నువ్వు పాసు చేయిస్తావా?"

"నేను నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు ప్లీడరు. పాపం, ముఖం పాలిపోయింది.

"తీసుకుని ఎక్కడ పెట్టుకుంటారు? నిప్పు పెట్టినవాళ్లు నీళ్ల బిందె కోసం వెతకడం చూస్తే నాకు ఇంకా మండుతుంది ప్లీడరుగారూ. కూర్చోండి."

లేచి లోపలి గదిలోకి వెళ్లాను. కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను. చేతులకేమీ కాలేదు. ఊరికే కడిగాను, చర్మం ఊడేలా.

రూలుకి రెండు అర్థాలున్నాయి. పడవవాడితో అన్నాడని తేల్చానా, వైద్యురాలు బతుకుతుంది. వచ్చే ఆదివారం మళ్లీ 'అక్కా', మళ్లీ 'చెల్లీ'. కానీ అలా తేలిస్తే మరదలితో నేనేమన్నట్టు? నువ్వు విన్నది తప్పు, నీ చెవులు అబద్ధం, రెండేళ్లుగా నువ్వు మింగిందంతా నీ ఊహ అని. అది కూడా అందరి ముందు, అప్పీలు లేకుండా. ఆమెతోనే అన్నాడని తేల్చానా, నిజం నిజంగా ఉంటుంది. దాంతో పాటు ఆమెకు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ కూడా పోతుంది. ఏది చెప్పినా ఆమెకే దెబ్బ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మాట అన్నవాడు మాత్రం ఎటు తేలినా టీ తాగి ఇంటికి పోతాడు. కుళాయిని ఎంత గట్టిగా కట్టేశానంటే ఆ పిడి చేతిలోకి ఊడొచ్చింది.

తిరిగి వచ్చి కూర్చున్నాను. మరదలు ఈసారి తల ఎత్తి నా కళ్లలోకి చూసింది.

"వదినా, నన్ను బతికించడానికని అబద్ధం చెప్పకండి. ఆటలోనైనా సరే."

ఆ మాటతో నాకు దారి ఒకటే మిగిలింది.

"విను" అన్నాను తమ్ముడితో. "జవాబు ఎవరితో చెప్పాలో పుస్తకం చెప్పలేదు. అడిగిన మీదట ఏ మాట వచ్చిందో అదే లెక్క. నువ్వు ఆ మాట ఎవరి ముఖంలోకి చూసి అన్నావో వాళ్లతో అన్నట్టు. మేం అన్నావు కాబట్టి ఆ ముఖం అందులో లేదు. పడవలో నువ్వు, విలుకత్తె, దొంగ. వైద్యురాలు గట్టు మీద. ఇదే నా తీర్పు."

తమ్ముడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఏంటక్కా ఇది? నా సంసారం మీద పాచికలాడుతున్నావా?"

"నీ సంసారాన్ని నేను ముట్టుకోలేదురా. నువ్వన్న మాటను నువ్వన్నట్టే ఉంచాను. చేదుగా ఉందా? రెండు నిమిషాలకే చేదెక్కితే ఎలా? నీ పెళ్లాం రెండేళ్లు తాగింది."

"నా ఉద్దేశం అది కాదని చెబుతున్నా కదా."

"ఉద్దేశానికి పడవలో చోటు లేదు. పడవవాడికి మాటే వినిపిస్తుంది. ఇంట్లో ఉన్న మనిషికీ మాటే వినిపిస్తుంది. నీ గుండె తీసి చదవడానికి ఎవరూ ఎక్స్‌రేలు పెట్టుకుని కూర్చోలేదు. కూర్చో."

కూర్చున్నాడు. మరదలు తన కాగితాన్ని మెల్లగా మడిచింది. చింపడానికి వీలుగా, మధ్యకు సరిగ్గా. ల్యాబులో రిపోర్టులు మడిచే అలవాటు కాబోలు, అంచుకు అంచు కలిపి గోటితో గీత పెట్టింది. ఆ గీత చూస్తుంటే నాకు నా తీర్పు మీదే కోపమొచ్చింది.

"అత్తా" అంది మేనకోడలు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని పిల్ల. "దాటుటకు అర్హులు అని కదా ఉంది. దాటి తీరాలని ఉందా?"

నేను పుస్తకం అందుకునేలోపే ప్లీడరు అలవాటు ఆపుకోలేక అనేశాడు. "లేదమ్మా. అర్హత వేరు, నిర్బంధం వేరు. అర్హత ఉన్నవాళ్లు వదులుకోవచ్చు."

"అయితే నేను దిగుతున్నాను."

"ఏంటే?" అన్నాడు తమ్ముడు. "వెనక సైనికులు వస్తున్నారు. గట్టు మీద ఉంటే చస్తావు. కాగితం చింపేస్తారు. ఇన్నాళ్లూ కష్టపడి పెంచుకున్నావు కదా ఆ విలుకత్తెను. పిచ్చి పని చెయ్యకు, కూర్చో పడవలో."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. ముఖంలో ముఖం పెట్టి, తడబడకుండా అంది.

"మేం ఇక్కడే ఉంటాం నాన్నా. నువ్వు దాటు."

అది వాడికి ఎక్కడ తగిలిందో నేను చూశాను. నా ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో మత్తు ఇవ్వకుండా నరాన్ని తాకితే మనిషి ముఖం ఎలా అవుతుందో నాకు తెలుసు.  పుట్టినప్పటి నుంచీ వాడి 'మేం'లో ఉన్న పిల్ల అది. వాళ్లిద్దరి 'మేం' అది. ఇప్పుడు అదే మాటతో వాణ్ని బయట పెట్టింది. మాట అదే, గుమ్మం బయట నిలబడి వినడం వాడికి ఇదే మొదలు.

మేనకోడలు తన విలుకత్తె ప్లాస్టిక్ బొమ్మను పడవలోంచి తీసి గట్టు మీద, వైద్యురాలి బొమ్మ పక్కన పెట్టింది. "అక్కా, ఆ కాగితం మడత విప్పు. ఇంకా చావలేదు. నా దగ్గర బాణాలున్నాయి, నీ దగ్గర ఆ నిద్రమందు ఉంది కదా. వాళ్లు వచ్చే దారిలో పొగ పెడదామా?"

మరదలు కాగితం విప్పింది.  నీళ్లు తాగి అప్పుడు అంది. "మనం చెట్ల వైపు వెళ్దాం చెల్లీ. గాలి అటునుంచి వస్తోంది."

"నేనూ దిగుతాను" అన్నాడు తమ్ముడు.

ప్లీడరు మెల్లగా, ఈసారి నిజంగానే భయపడుతూ, పుస్తకం పేజీలు తిప్పాడు. "మాట చెప్పగానే పడవ కదులుతుందా, కొంచెం ఆగుతుందా అన్నది ఇందులో రాయలేదు డాక్టరమ్మా. మీరే చెప్పాలి. కదలకపోతే దిగొచ్చు. కదిలిపోతే ఇక..."

అందరూ మళ్లీ నావైపే చూశారు. తమ్ముడి చూపు నాకు తెలిసిందే. అద్దం పగిలిన రోజు చూపు, పరీక్ష తప్పిన రోజు చూపు. అక్కా, పడవ ఇంకా కదల్లేదని ఒక్క మాట అను. అనొచ్చు. నా అధికారమే అది. ఆ అధికారం వాడికి ఇంత తేలిగ్గా అందుతోందని నాకు మళ్లీ మండింది.

"నన్నడక్కు" అన్నాను. "పడవ కదిలిందో లేదో గట్టు మీద నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది. వాళ్లనడుగు."

"ఇది రూలా?"

"ఇప్పటి నుంచీ రూలే."

వాడు భార్య వైపు తిరిగాడు. అడగడానికి చాలాసేపు పట్టింది. మెడ రుద్దుకున్నాడు. చివరికి అడిగాడు. "ఏమంటావ్? కదిలిందా?"

 మరదలు బల్ల మీద నీలం గుడ్డ పరిచిన నదిని చూసింది, అందులో కాగితం పడవను చూసింది, దాని మీద ఉన్న దళపతి బొమ్మను చూసింది. మేనకోడలు ఏమీ అందించలేదు, ఆమె వైపే చూస్తూ ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. రెండేళ్లలో ఆ ఇంట్లో ఒక విషయం ఆమె తేల్చాలని అందరూ ఆగడం ఇదే మొదటిసారి అయ్యుంటుంది. ఆమె తొందరపడలేదు.

"కదిలింది" అంది. మొగుడితో కాదు, నాతో. "చాలా దూరం వెళ్లిపోయింది వదినా. రావాలని ఉంటే ఈదుకుంటూ రమ్మనండి."

ప్లీడరుకి నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. తమ్ముడు నవ్వలేదు.

"ఎంత పడాలి?" అని అడిగాడు నన్ను.

"కవచంతో దూకితే పాచిక కూడా అక్కర్లేదు, మునగడమే. కవచం తీసెయ్యి. కత్తి వదిలెయ్యి. అప్పుడు పద్దెనిమిది పడాలి."

ఆ కవచం కోసం వాడు ఎన్ని ఆదివారాలు కొట్టుకున్నాడో మాకందరికీ తెలుసు. రబ్బరు తీసుకుని తుడిచాడు. కత్తిని కూడా తుడిచాడు. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రుద్దాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు, ఏమైనా తగ్గిస్తానేమోనని. నేను ఒక్కటి కూడా తగ్గించలేదు.

పాచిక వేశాడు. ట్రేలో గింగిరాలు తిరిగి ఆగింది. ఏడు.

ప్లీడరు పుస్తకం వైపు చెయ్యి చాపాడు. మునిగిన మనిషికి రెండో అవకాశం ఉందో లేదో చూడడానికి కాబోలు. నేను చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడు ఆ ఏడు వైపే చూస్తున్నాడు. నీళ్లలో ఉన్నట్టే ఉంది వాడి ముఖం.

"మళ్లీ వెయ్యమనండి" అంది మరదలు.

అప్పటికీ వాడితో అనలేదు. కానీ అంది. తమ్ముడు పాచిక అందుకుని మళ్లీ వేశాడు.